అవ్వ పాల లెక్క

ఒక ఊళ్ళో పాలు పోసి జీవించే అవ్వ ఒకతె ఉండేది. ఆమె ఆస్తి అంతా నాలుగు గేదెలు. ఆమె బలగం అంతా ఒక మనమరాలు. నలభై ఏళ్ళుగా అవ్వ పాలలో చుక్క నీరు కలిపి ఎరగదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు గనక ఆమె దగ్గిర ఎవరూ బేరమాడేవాళ్ళు కారు. లెక్కలు మాత్రం అవ్వ గోడమీద బొగ్గుగీతలు గీసి పెట్టుకునేది. వాన కొట్టి గోడ తడిసిందంటే గీతలూ పోయేవి, లెక్కలూ పోయేవి.

మనమరాలు తొమ్మిదో తరగతి చదువుతున్నది. బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతారు. అక్కడ ఆ పిల్ల జావాస్క్రిప్టు అనే భాష కొంత నేర్చుకున్నది.

"అవ్వా, ఇక నీకు బొగ్గుతో పని లేదు. నీ లెక్కలన్నీ సెల్‌ఫోనులో నేను వేసి పెడతాను," అన్నదా పిల్ల.

రెండు ఆదివారాలు కూర్చుని ఆమె ఒక పేజీ తయారుచేసింది. అందులో మూడు పెట్టెలున్నాయి. పొద్దున పోసిన లీటర్లు ఒక దానిలో, సాయంత్రం పోసిన లీటర్లు ఒక దానిలో, లీటరు ధర ఒక దానిలో రాయాలి. కింద ఉన్న బటను నొక్కితే బిల్లు వస్తుంది.

మొదటి బిల్లు కాఫీహోటలు వారిది. పొద్దున 2 లీటర్లు, సాయంత్రం 3 లీటర్లు, లీటరు 60 రూపాయలు. పిల్ల బటను నొక్కి, వచ్చిన అంకె చీటీమీద రాసి, సంతోషం కొద్దీ మళ్ళీ చూసుకోకుండానే పంపేసింది.

గంటలో హోటలు యజమాని చీటీ పట్టుకుని వచ్చాడు.

"ఏం అవ్వా, నలభై ఏళ్ళుగా పాలలో నీళ్ళు కలపలేదు. ఇప్పుడు లెక్కలో కలపటం మొదలుపెట్టావా? అయిదు లీటర్లకు 1380 రూపాయలా?" అన్నాడు.

అవ్వ మాట్లాడలేదు. తనకు రావలసిన 300 రూపాయలు తీసుకుని, వెళ్ళి గేదెల దగ్గిర కూర్చున్నది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

"ఆ ఫోను ఇంకెన్నడూ నా పాల జోలికి రాకూడదు," అని మాత్రం అన్నది.

పిల్లలూ, యంత్రం అబద్ధమాడదంటారు గదా! మరి ఈ తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం.

జావాస్క్రిప్టు పుట్టి మూడు దశాబ్దాలు దాటింది. 1995 మే నెలలో, నెట్‌స్కేప్ అనే అమెరికా కంపెనీలో పనిచేస్తున్న బ్రెండన్ ఐక్ దీని మొదటి రూపాన్ని పది రోజులలో తయారుచేశాడు. మొదట దాన్ని మోకా అన్నారు, తరువాత లైవ్‌స్క్రిప్టు అన్నారు. ఆ ఏడు డిసెంబరులో జావాస్క్రిప్టు అన్న పేరు స్థిరపడింది. అప్పట్లో దాని ముఖ్యమైన పనులలో ఒకటి ఏమిటో తెలుసా? మనం పెట్టెలలో రాసినది సరిగా ఉన్నదో లేదో, దూరాన ఉన్న పెద్ద కంప్యూటరుకు పంపకముందే, మన దగ్గిరే చూడటం.

ఈ భాషలో ఫంక్షన్ అనేది ఒకటున్నది. పిండిమర వంటిదనుకోండి. పైన గిన్నెలో గింజలు పోస్తే కింద పిండి వస్తుంది. మరను ఒక్కసారి బిగిస్తే చాలు, ఎన్నిసార్లయినా ఆడించవచ్చు. మన పిల్ల చేసిన మర ఇది:

ఫంక్షన్ బిల్లు(పొద్దున, సాయంత్రం, ధర) {
  రిటర్న్ (పొద్దున + సాయంత్రం) * ధర;
}

మొదటి వరసలో కుండలీకరణాలలో ఉన్న మూడు పేర్లూ మరకున్న మూడు గిన్నెలు. వాటిని పారామీటర్లంటారు. ఆ గిన్నెలలో మనం పోసే 2, 3, 60 అనేవాటిని ఆర్గ్యుమెంట్లంటారు. రిటర్న్ అంటే కింద రాలే పిండి. ఇందులో ఒక వింత ఉన్నది. ఫంక్షన్, రిటర్న్ అనే మాటలు ఇంగ్లీషు అక్షరాలలోనే రాయాలి. కాని బిల్లు, పొద్దున, ధర వంటి మనం పెట్టుకునే పేర్లు తెలుగు అక్షరాలలోనే రాయవచ్చు. జావాస్క్రిప్టు ఒప్పుకుంటుంది!

మరలో తప్పు లేదు. రెండూ మూడూ కూడి, అరవైతో హెచ్చవేస్తే 300 రావలసిందే. తప్పంతా పోసిన గింజలలో ఉన్నది.

పేజీలోని పెట్టెలో మనం ఏది రాసినా జావాస్క్రిప్టు దాన్ని మాటగానే తీసుకుంటుంది. ఆ మాటను స్ట్రింగ్ అంటారు. స్ట్రింగ్ అంటే దారం. దారానికి పూలు గుచ్చినట్టు అక్షరాలు గుచ్చిన దండ అన్నమాట. మనం 2 అని రాస్తే మన మనసులో ఉన్నది రెండు లీటర్లు. యంత్రానికి అందినది మాత్రం "2" అనే ఒక పువ్వు ఉన్న దండ. "ఇందులో అంకెలే రాయాలి" అని నియమం పెట్టిన పెట్టెలోంచి తీసుకున్నా, మామూలుగా చేతికి వచ్చేది దండే.

రెండు దండలను కూడమంటే ఏమి చేస్తారు? ఒకదాని చివర మరొకటి ముడివేస్తారు. జావాస్క్రిప్టు కూడా అదే చేసింది. "2" పక్కన "3" కట్టి "23" చేసింది. హెచ్చవేతకు దండలు పనికి రావు గనక, అక్కడ మాత్రం "23"నూ "60"నూ తనంతట తానే సంఖ్యలుగా మార్చుకున్నది. ఇరవైమూడు అరవైలు 1380. కూడిక గుర్తుకు రెండు పనులున్నాయి, హెచ్చవేత గుర్తుకు ఒక్కటే ఉన్నది. అందుకే సగం లెక్క దండలతో, సగం లెక్క సంఖ్యలతో జరిగి, చూడటానికి సక్రమంగా ఉన్న అంకె ఒకటి బయటికి వచ్చింది.

దీనికి మందు సులువు. పెట్టెలోంచి తీసిన ప్రతిదాన్నీ మరలో పోసేముందు నంబర్ అనే ఫంక్షన్‌లో వేయాలి. అది "2" అనే దండను 2 అనే సంఖ్యగా మార్చి ఇస్తుంది. పిల్ల అలాగే మార్చింది. 300 వచ్చింది. ఆమె అవ్వ దగ్గిరికి పరిగెత్తింది.

అవ్వ ఫోను వంక చూడకుండా, "నేను పాలు పోసేముందు ఏం చేస్తానో ఎప్పుడైనా చూశావుటే?" అని అడిగింది.

"గిన్నె వంచి చూస్తావు."

"ఎందుకు?"

"అడుగున నీళ్ళుంటాయేమోనని."

"మరి నీ మర ఏం పోసినా పుచ్చుకుంటుందా, గిన్నె వంచి చూస్తుందా?"

పిల్ల మళ్ళీ వెళ్ళి కూర్చుని, ఈసారి కావాలనే తప్పులు రాసి చూసింది. పెట్టెలో "రెండు" అని అక్షరాలలో రాసింది. "2 లీటర్లు" అని రాసింది. తెలుగు అంకె "౨" వేసింది. మూడింటికీ నంబర్ ఒకటే జవాబు చెప్పింది: నాన్. నాన్ అంటే "ఇది సంఖ్య కాదు" అని అర్థం. లెక్కలో ఒక్క నాన్ చేరితే కుండెడు పాలలో విషపుచుక్క పడినట్టే. కూడినా, హెచ్చవేసినా చివరికి నాన్ మిగులుతుంది. ఇంకా విచిత్రం, నాన్ తనకు తానే సమానం కాదు! రెండు నాన్‌లు సమానమా అని అడిగితే, కాదంటుంది జావాస్క్రిప్టు. దాన్ని పట్టుకోవడానికి ఈజ్‌నాన్ అనే వేరే ఫంక్షన్ ఉన్నది.

పెట్టెలో ఏమీ రాయకపోతే మరీ ప్రమాదం. ఖాళీ దండను నంబర్ 0 చేస్తుంది. మరిచిపోయి వదిలేసిన పెట్టెకూ, నిజంగా పాలు పోయని పూటకూ అప్పుడు తేడా తెలియదు. అందుచేత పిల్ల మూడు కాపలాలు పెట్టింది. పెట్టె ఖాళీగా ఉంటే ముందుకు పోకూడదు. నాన్ వస్తే మళ్ళీ అడగాలి. సున్నాకు తక్కువైనా, ఒక పూటకు 20 లీటర్లకు మించినా, "నిజమేనా?" అని అడగాలి.

ఈ బాధ ఇప్పటిది కాదు. గణకయంత్రాలకు పితామహుడనిపించుకున్న ఇంగ్లండు దేశస్థుడు చార్లెస్ బాబేజ్ తన జీవితవిశేషాలను 1864లో పుస్తకంగా ప్రచురించాడు. పార్లమెంటు సభ్యులే తనను రెండుసార్లు ఒక ప్రశ్న అడిగారని అందులో రాశాడు: యంత్రంలో తప్పు అంకెలు వేస్తే ఒప్పు జవాబు వస్తుందా అని! అసలు అటువంటి ప్రశ్న ఎట్లా పుట్టిందో ఆయనకు అంతుపట్టలేదట.

అంకె సరి అయినదే అయినా, దాని కొలత వేరైతే ముప్పు తప్పదు. అమెరికా వారి నాసా సంస్థ 1998 డిసెంబరు 11న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను అంగారకుడి మీదికి పంపింది. నౌకను నెట్టే చిన్న రాకెట్ల లెక్కను ఒక ప్రోగ్రాము పౌనుల కొలతలో ఇచ్చింది. దాన్ని అందుకున్న ప్రోగ్రాము న్యూటన్ల కొలత అనుకున్నది. ఒక పౌను బలం సుమారు 4.45 న్యూటన్లు. నౌక అంగారకుడికి 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసింది, 57 కిలోమీటర్ల దాకా దిగిపోయింది. 1999 సెప్టెంబరు 23న అది అంగారకుడి వెనకకు వెళ్ళి మళ్ళీ పలకలేదు. శేరుతో కొలిచి లీటరని రాసుకున్నట్టయింది.

ఇక ఆబ్జెక్టు సంగతి. అవ్వకు ఖాతాలు చాలా ఉన్నాయి. ప్రతిసారీ మూడేసి అంకెలు విడివిడిగా మరలో పోస్తే ఒకటి ఒక గిన్నెలో, మరొకటి మరో గిన్నెలో పడవచ్చు. ధర పడవలసిన చోట పొద్దుటి పాలు పడితే మర కాదనదు. అందుకని పిల్ల ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క ఆబ్జెక్టు చేసింది. గళ్ళున్న పోపులపెట్టె వంటిదది. ప్రతి గడికీ పేరుంటుంది:

ఖాతా = { పేరు: "కాఫీహోటలు", పొద్దున: 2, సాయంత్రం: 3, ధర: 60 }

ఇప్పుడు మరలో పోయవలసింది ఒక్కటే, ఖాతా. మర దానిలోంచి ఖాతా.పొద్దున, ఖాతా.సాయంత్రం, ఖాతా.ధర అని పేరు పెట్టి తీసుకుంటుంది. గళ్ళ వరస మారినా లెక్క మారదు.

దీనిలోనూ ఒక చిక్కున్నది. పండగనాడు లీటరుకు 5 రూపాయలు తగ్గించి ఇవ్వమన్నది అవ్వ. పిల్ల పండగబిల్లు అనే ఫంక్షన్ రాసింది. అది ఖాతా.ధరలోంచి 5 తీసివేసి బిల్లు వేస్తుంది. మొదటిసారి నొక్కితే 275 వచ్చింది, సరే. సరి చూద్దామని మళ్ళీ నొక్కితే 250 వచ్చింది!

కారణం ఏమంటే, సంఖ్యను ఫంక్షన్‌కు ఇస్తే చీటీమీద నకలు రాసి ఇచ్చినట్టు. చీటీమీద దిద్దినా మన పుస్తకం మారదు. ఆబ్జెక్టును ఇస్తే అసలు పుస్తకమే చేతికిచ్చినట్టు. లోపల దిద్దితే అసలే మారుతుంది. మొదటిసారి ధర 55 అయింది, రెండోసారి 50 అయింది. పిల్ల ఖాతాకు ముందు మూడు చుక్కలు పెట్టి, దానికి నకలు తీసి, ఆ నకలులో ధర తగ్గించింది. ఎన్నిసార్లు నొక్కినా 275 రూపాయలే వచ్చింది.

పేరు రాసే పెట్టెకు కూడా కాపలా కావాలి. కొంటెవాడెవడైనా అందులో పేరుకు బదులు పేజీని మార్చే ఆజ్ఞలు రాయవచ్చు. పేజీమీద చూపేటప్పుడు దాన్ని ఇన్నర్ హెచ్‌టీఎంఎల్‌లో పెడితే ఆ ఆజ్ఞలు పనిచేసే ప్రమాదమున్నది. టెక్స్ట్ కంటెంట్‌లో పెడితే అవి ఉత్త అక్షరాలుగా కనిపించి ఊరుకుంటాయి.

ఇన్ని చేసినా అవ్వ వెంటనే ఒప్పుకోలేదు.

"నెల రోజులు నేను గోడమీద గీస్తాను, నువు ఫోనులో వెయ్యి. చివర చూద్దాం," అన్నది.

నెల గడిచింది. ఇద్దరూ గోడముందు కూర్చుని ఒక్కొక్క ఇంటి లెక్కా సరిచూశారు. ఒక్క ఖాతాలో తేడా వచ్చింది. అవ్వే ఒక గీత గీయటం మరిచిపోయింది.

మర్నాడు పిల్ల హోటలుకు వెళ్ళి నెల బిల్లు తానే ఇచ్చింది. యజమాని వేళ్ళమీద లెక్కవేసుకుని, తల ఊపి, డబ్బు పూర్తిగా ఇచ్చి పంపాడు.

ఆ సంక్రాంతికి అవ్వ గోడకు సున్నం వేయించింది.