జాలపుటయందలి వృక్షక్రమము: కొండభాషల పదముల నేరుకొను విధము

అరకులోయయందును, దానిఁ జుట్టియున్న తూర్పుకనుమల పల్లెలయందును వాడుకలోనున్న కొండభాష, కువి, గదబ మున్నగునవి తెనుఁగునకు దాయాదులు. వీనిలోఁ గొండదొరలు మాటలాడు కొండభాషకుఁ గూబి యనియు నామాంతరము గలదు. తెనుఁగుపదముల పూర్వచరిత్రము నరయువారి కీ భాషల సాక్ష్యము మిక్కిలి విలువగలది. తెనుఁగున 'ఏఱు' అనఁగా నది. కొండభాషలో 'ఏరు' అనఁగా నీరు. ఇట్టి జతలు బరో, ఎమెనో పండితులు కూర్చిన ద్రావిడవ్యుత్పత్తినిఘంటువునఁ బెక్కు గలవు. 1961లో మొదట వెలువడి, 1984లో రెండవకూర్పుగా సంస్కరింపఁబడిన యీ గ్రంథము నేఁడు షికాగో విశ్వవిద్యాలయమువారి నిఘంటుభాండారమున జాలపుటలుగా లభించుచున్నది.

ఇందలి 5,500కు మించిన యారోపములనుండి కొండభాషాపదములను మాత్రమే చేతితో నెత్తి వ్రాసికొనుట మాసములపని. ప్రోగ్రామునకది గడియలపని. అయినను ఆ గడియలలో దొరలిన తప్పు సంవత్సరములు గడచినను బయటపడకపోవచ్చును. కావున నీ యేరివేత యెట్లు జరుగునో పండితు లెఱిఁగియుండుట యావశ్యకము.

జాలపుట కంటికి వరుసలుగాఁ గానవచ్చినను, బ్రౌజరు దానిని జదివి తన జ్ఞాపకమున నొక వృక్షముగాఁ గట్టుకొనును. భగవద్గీతయందలి యశ్వత్థమునకువలె దీనికి మూలము పైనను శాఖలు క్రిందను ఉండును. శాఖలు చీలుచోటులును, చివరియాకులును 'నోడు'లనఁబడును. మూలము దక్కఁ బ్రతి నోడునకు నొక్కటే తండ్రి, బిడ్డలు వరుసతప్పక యుందురు, ముందువెనుకలఁ దోఁబుట్టువులుందురు. వ్రాఁతయుఁ గూడ నొక నోడే. అంతియకాదు, రెండు పంక్తులనడుమ విడిచిన ఖాళీయు నొక నోడే. 'మొదటి బిడ్డ నిమ్ము' అని యడిగిన ప్రోగ్రామునకుఁ బదమునకు మాఱుగా నీ ఖాళీయే చేతికి వచ్చుట క్రొత్తవారి కందఱకు ననుభవమగు చిక్కు. ఖాళీలను విడిచి లెక్కించుట కాదేశము వేఱుగాఁ గలదు.

వృక్షమును విడిచి యక్షరములనుబట్టి మాత్రమే వడపోసినచో నేమగునో చూతము. నిఘంటువునందు భాషానామములు ఆంగ్లాక్షరసంకేతములుగా నున్నవి. 'కె, ఓ' యను నక్షరములతో మొదలగు వానినెల్లఁ దెమ్మనిన, అరకులోయలోని కొండభాషతోపాటు నీలగిరుల కోతయు, కొడగును, కొలామియు వచ్చి చేరును. ఇది చూడఁగనే తెలియు తప్పు. అంతకంటె సూక్ష్మమైనది మఱియొకటి గలదు. గదబక్రింద 'ఎస్' అను నక్షరము సాలూరు మాండలికమునకు గుర్తు. కువిక్రింద నదియే షుల్జె యను గ్రంథకర్తకు గుర్తు. అక్షరమొక్కటియే, అర్థము వేఱు. అది యే భాషానామమున కధీనమైయున్నదో విచారింపక యర్థము చెప్పరాదు. అన్వయ మెఱుఁగక సమాసమును విడఁదీయఁబోయిన విద్యార్థిగతియే ప్రోగ్రామునకును బట్టును.

ఇట్టి విచారణకుఁ దగిన సాధనమును వెబ్బు ప్రమాణములను నిర్ణయించు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియమువారు 2000 నవంబరులో వెలువరించిరి. దానిపేరు 'ట్రీవాకర్', అనఁగా వృక్షసంచారి. అది యొక్కొక్క నోడును సమీపించి, ప్రోగ్రాము వ్రాసినవాఁ డేర్పఱచిన పరీక్షకునకుఁ జూపును. పరీక్షకుని తీర్పు మూఁడువిధములు: స్వీకరించుట, దాఁటుట, త్రోసివేయుట. దాఁటిన నోడు ఫలితమున రాదు గాని దాని బిడ్డలు పరీక్షకు వత్తురు. త్రోసివేసినచో నా నోడు సకుటుంబముగాఁ బోవును.

ఈ రెంటి భేదమే యిచటఁ బ్రాణము. ఒక యారోపమొక కొమ్మయనియు, అందు భాషకొక రెమ్మయనియు, రెమ్మయందు రూపమును నర్థమును ఆకులనియు ననుకొందము. 'కొండభాష కానిదెల్లఁ ద్రోసివేయుము' అని వ్రాసిన, ఆరోపమను కొమ్మపై నే భాష పేరును లేదు గావున నది మొదలంటఁ బోవును; దానిలోని కొండభాష రెమ్మయుఁ బోవును. ఫలము శూన్యము. శూన్యమే మేలు, తప్పు వెంటనే కంటఁబడును. తెనుఁగు రెమ్మలోఁ బోలికకై కుండలీకరణములందుఁ జూపిన కొండభాషారూపమొకటి యీవిధముగా జాఱిపోయిన నెవ్వరికిని దెలియదు. కావున సందేహస్థలమున దాఁటవలెనే గాని త్రోసివేయరాదు. 'నోడ్ఇటరేటర్' అను నింకొక సంచారికి మాత్రము వృక్షమంతయు నొక్క వరుసగాఁ దోఁచును; దానికిఁ ద్రోయుటయు దాఁటుటయు నొక్కటియే.

అన్ని పుటలయందును భాషకొక రెమ్మ యుండదు. కొన్నింట సంకేతమును, రూపమును, అర్థమును నొకేతండ్రి బిడ్డలై వరుసగా నిలిచియుండును. అప్పుడు తండ్రి నడిగిన లాభములేదు. కొండభాష సంకేతముకడ నాగి, తరువాతి తోఁబుట్టువుల నొక్కొక్కరినే గ్రహించుచు, మఱియొక భాషాసంకేత మెదురగువఱకు నడువవలెను. 1999లో వెలువడిన 'ఎక్స్‌పాత్' అను మార్గభాషయందుఁ దండ్రికిని, సంతతికిని, పూర్వాపరసోదరులకును వేర్వేఱు దిక్కు లేర్పడియున్నవి. ఈ పని కది చక్కఁగా నుపకరించును.

పెక్కుచోటుల పుటలను జేర్చి పనిచేయువారు కులనామమును భాషానామముగాఁ గొనరాదు. గదబలలోఁ గొందఱు మాటలాడు గుతోబు ముండాభాషయే గాని ద్రావిడము గాదు. గిడుగు వేంకటరామమూర్తిగారు నిఘంటువు రచించిన సవరభాషయు నట్టిదే. 'గదబ' యను మాటతో వడపోసిన రెండు కుటుంబముల పదములును గలసిపోవును.

ఏరిన ప్రతిపదముతో నారోపసంఖ్యను, భాషాసంకేతమును, దాని క్రింది యుపసంకేతమును, పుటను దెచ్చుకొన్న దినమును భద్రపఱుపవలెను. కువిక్రింద 'ఎస్, యు' అను రెండక్షరముల గుర్తు సుంకరమెట్ట మాండలికమునకు జెల్లును. ఆ యూరు అరకులోయలోనిదే. ఆ గుర్తు నిలిచియున్నచో నా పదమును సుంకరమెట్ట కువివారి నోటనే విని సరిచూడవచ్చును.