నాటకం పరీక్షాంశమైన చోట: న్యూ సౌత్ వేల్స్‌లో పన్నెండో తరగతి

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో పాఠశాల చదువు ముగించే విద్యార్థులకు జరిపే హయ్యర్ స్కూల్ సర్టిఫికెట్ పరీక్షలో నాటకం కూడా గణితం, రసాయన శాస్త్రం వలెనే పూర్తి స్థాయి పాఠ్యాంశంగా ఉంది. విశ్వవిద్యాలయ ప్రవేశానికి ఆధారమయ్యే ఏటార్ ర్యాంకును లెక్కించేటప్పుడు ఇందులో వచ్చిన మార్కులు కూడా పరిగణనకు వస్తాయి. ఎం.పి.సి., బై.పి.సి. అనే రెండు దారుల మధ్య పెరిగి సిడ్నీలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు, తమ పిల్లలు ఈ విషయాన్ని ఎంచుకున్నప్పుడు అది చదువో వినోదమో తేల్చుకోవడం కష్టమవుతుంది. ఆ చివరి ఏడాదికి విద్యార్థి ఎలా సిద్ధం కావాలో వివరంగా చూస్తే ఆ సందేహానికి తావుండదు.

చాలా కాలంగా అమలులో ఉన్న విధానం ప్రకారం ఈ పరీక్షకు మొత్తం 100 మార్కులు కాగా, వాటిలో బృంద ప్రదర్శనకు 30, వ్యక్తిగత ప్రాజెక్టుకు 30, వ్రాత పరీక్షకు 40 కేటాయించారు. దీనికి సమానమైన ప్రాధాన్యంతో పాఠశాల అంతర్గత మూల్యాంకనం కూడా ఉంటుంది కనుక ఏడాది పొడవునా చేసిన పనికి విలువ దక్కుతుంది.

ఈ మూడింటిలో ఎక్కువ అపార్థానికి గురయ్యేది బృంద ప్రదర్శన. ముగ్గురి నుంచి ఆరుగురి వరకు విద్యార్థులు కలిసి 8 నుంచి 12 నిమిషాల నిడివి గల నాటకాన్ని ప్రదర్శించాలి. అయితే అది ఎవరో రాసిన నాటకం కాకూడదు, విద్యార్థులే సమష్టిగా సృష్టించినదై ఉండాలి. విద్యా ప్రమాణాల అధికార సంస్థ ప్రకటించే అంశాల జాబితా నుంచి ఒకదాన్ని తీసుకొని, దాని చుట్టూ చర్చించి, పరిశోధించి, అప్పటికప్పుడు పాత్రల్లోకి ప్రవేశించి సంభాషణలను, కదలికలను కనుగొనే ఆశునటన ద్వారా నాటకాన్ని క్రమంగా నిర్మించుకోవాలి. ఈ దశలో కొరత పడేది ఊహ కాదు, వదులుకోగల ధైర్యం. మొదటి వారాల్లో పుట్టిన దృశ్యాలన్నీ వాటిని కల్పించిన వారికి ప్రియమైనవే కావడం వల్ల, పన్నెండు నిమిషాల్లో ఇమడని కథను కుదించవలసి వచ్చినప్పుడు ఎవరి దృశ్యం పోవాలన్న ప్రశ్న కళకు సంబంధించినదిగా మొదలై స్నేహానికి సంబంధించినదిగా మారుతుంది. ఏ దృశ్యమైనా నాటకంలోని ప్రధాన భావాన్ని ముందుకు నడిపిస్తున్నదా లేదా అన్న ఒకే గీటురాయిని బృందం ముందుగానే అంగీకరించి ఉంటే ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది. పరీక్షకులు పాఠశాలకే వచ్చి ప్రదర్శన చూసి ప్రతి విద్యార్థికీ విడిగా మార్కులు వేసినప్పటికీ, ఒకరి మాటకు మరొకరి శరీరం ఎలా స్పందిస్తున్నదో, ప్రేక్షకుల దృష్టిని బృందమంతా కలిసి ఎలా నిలుపుతున్నదో వారు గమనిస్తారు కనుక, తన భాగాన్ని మాత్రమే మెరుగుపరుచుకున్న నటుడికి ఇక్కడ ప్రయోజనం స్వల్పం. ఆడంబరమైన దీపాలంకరణకు, రంగసజ్జకు ఇందులో స్థానం లేదు. నటీనటుల దేహం, గాత్రం, ఖాళీ వేదిక, ఇవే ప్రధాన సాధనాలు.

ఈ నిర్మాణ క్రమమంతా లాగ్‌బుక్ అనే పని పుస్తకంలో నమోదు కావాలి. ఏ ఆలోచన ఎక్కడ నుంచి వచ్చిందో, ఏది ఎందుకు విడిచిపెట్టారో అందులో ఎప్పటికప్పుడు రాసుకున్న విద్యార్థి, తడబాటు కలిగినప్పుడు వెనక్కి వెళ్లి చూసుకోగలుగుతాడు. చివరి వారంలో ఒక్కసారిగా నింపిన పుస్తకం అందుకు పనికిరాదు.

వ్యక్తిగత ప్రాజెక్టు విషయంలో అసలైన సన్నద్ధత ఎంపికలోనే ఉంది. ఏకపాత్ర ప్రదర్శన, రూపకల్పన, విమర్శనాత్మక విశ్లేషణ, నాటక రచన, వీడియో నాటకం అనే అయిదు రంగాల్లో ఒకదాన్ని విద్యార్థి ఎంచుకోవచ్చు. ఏకపాత్ర ప్రదర్శన నిడివి 6 నుంచి 8 నిమిషాలు. నాటకమంటే నటన మాత్రమేనని భావించి, వేదికపై నిలవడానికి జంకే పిల్లలు కూడా దానికే మొగ్గు చూపడం విచారకరం. చక్కని గీత, రంగుల వివేచన ఉన్న విద్యార్థికి వస్త్రాల రూపకల్పన, స్థలాన్ని కొలతలతో ఊహించగల విద్యార్థికి రంగాలంకరణ నమూనా నిర్మాణం ఎంతో అనువైనవి. ఆంగికం, వాచికం, సాత్త్వికాలతో పాటు వేషధారణకు సంబంధించిన ఆహార్యాన్ని కూడా నాట్యశాస్త్రం అభినయంలో భాగంగానే పరిగణించిందని ఎరిగిన తెలుగు కుటుంబాలు ఈ ఎంపికను చిన్నచూపు చూడవలసిన పని లేదు.

గంటన్నర వ్రాత పరీక్షలో విద్యార్థులు రెండు వ్యాసాలు రాయాలి. ఒకటి ఆస్ట్రేలియా నాటకరంగంపై, రెండోది ప్రపంచ నాటకరంగంలోని ఒక ధోరణిపై ఉంటుంది. నిర్ణీత నాటకాల జాబితా ఎప్పటికప్పుడు మారుతూ ఉన్నా, చదవవలసిన తీరు మాత్రం మారదు. ఉదాహరణకు 1955లో మెల్‌బోర్న్‌లో తొలిసారి ప్రదర్శితమైన రే లాలర్ నాటకం ‘సమ్మర్ ఆఫ్ ది సెవెంటీన్త్ డాల్’ను తీసుకుంటే, క్వీన్స్‌లాండ్ చెరకు తోటల్లో కోత కోసే ఇద్దరు కూలీలు ఏటా అయిదు నెలల విరామాన్ని గడపడానికి నగరానికి రావడం, పదిహేడో ఏట ఆ ఆనవాయితీ చెదిరిపోవడం అనే కథను చెప్పగలిగితే చాలదు, సామాన్య ఆస్ట్రేలియన్ల ఉచ్చారణ, యాస వేదికపై వినిపించడం అప్పటి ప్రేక్షకులకు ఎందుకు కొత్తగా తోచిందో, కథ జరిగే గదిలోని వస్తువులు పాత్రల భ్రమలను ఎలా మోస్తాయో చెప్పగలగాలి. అలాగే వెర్బేటిమ్ నాటకం, అనగా నిజమైన మనుషుల ఇంటర్వ్యూలలోని మాటలనే సంభాషణలుగా కూర్చే ప్రక్రియ, చదివే వారికి పాల్ బ్రౌన్ రూపొందించిన ‘ఆఫ్టర్‌షాక్స్’ మంచి పాఠం. 1989 డిసెంబరు 28న ఇదే రాష్ట్రంలోని న్యూకాజిల్ నగరంలో సంభవించిన, 13 మందిని బలిగొన్న భూకంపంలో అక్కడి వర్కర్స్ క్లబ్ కూలిపోగా, దానితో సంబంధమున్న వారి జ్ఞాపకాల నుంచి ఈ నాటకం రూపొందింది. బతికి బయటపడిన మనిషి మాటల మధ్య తీసుకున్న విరామాన్ని నటుడు గౌరవించాలా, తన నటనతో నింపాలా అన్నది చదివి తేల్చగలిగిన ప్రశ్న కాదు. తరగతి గదిలో లేచి నిలబడి ఆ మాటలను పలికి చూసిన వారికే దాని బరువు అందుతుంది, ప్రశ్నపత్రం ఆశించేది కూడా ఆ అనుభవం నుంచి పుట్టిన వాదననే.

పన్నెండో తరగతి పాఠాలు క్యాలెండర్ ప్రకారం ముందు సంవత్సరం అక్టోబరులోనే మొదలవుతాయి. ప్రదర్శన పరీక్షలు మరుసటి ఏడాది మూడో టర్ములో ముగుస్తాయి. వ్రాత పరీక్ష అక్టోబరు, నవంబరు నెలల కాలంలో వస్తుంది. మధ్యలోని వారాల్లో బృందాలు సహజంగానే విడిపోతాయి, మిగతా పాఠ్యాంశాల ఒత్తిడి పెరుగుతుంది, నాటకం మళ్లీ బల్ల ముందు కూర్చొని చదివే పుస్తకంగా కుంచించుకుపోతుంది. ఆ వ్యవధిలో వారానికి ఒక్కసారైనా పాత బృందం కలుసుకొని నిర్ణీత నాటకాల్లోని కీలక దృశ్యాలను నడిపి చూసుకోవడం, ఆ వెంటనే గడియారం పెట్టుకొని ఒక వ్యాసం రాయడం, నమూనా జవాబులను కంఠస్థం చేయడం కంటె ఎంతో మేలైన పద్ధతి.