ఉడుకు నీళ్లకు ఏ పొయ్యి? ముందు పశువులను లెక్కపెట్టండి

కార్తీకం దాటిందంటే కాజీపేట చుట్టుపక్కల మడికొండ, కడిపికొండ, సోమిడి ఊళ్లలో తెల్లారేసరికి ప్రతి వాకిట్లో నీళ్ల పొయ్యి రాజుకుంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు చలి 15 డిగ్రీల కన్నా దిగువకు పోతుంది. చలి దేశాల్లోలాగా మనం ఇల్లంతా వెచ్చబెట్టుకోనక్కర లేదు. మనకు వేడి కావలసింది రెండింటికే: వంటకు, స్నానానికి. ఈ రెండింటినీ కలిపి ఒకే పొయ్యి మీద వేస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. విడదీసి చూడండి, దారి దొరుకుతుంది.

బకెట్టు నీళ్ల లెక్క

20 లీటర్ల చల్లటి నీళ్లు స్నానానికి సరిపడా వేడెక్కాలంటే సిలిండరు గ్యాస్ సుమారు 85 గ్రాములు కాలుతుంది. ఇంట్లో ఐదుగురుంటే రోజుకు ఐదు బకెట్లు. నెల తిరిగేసరికి 12 కిలోలకు పైనే! సిలిండరులో ఉండేది 14.2 కిలోలు. అంటే ఒక బండ దాదాపు స్నానాలకే ఖతం. 2016లో మొదలైన ఉజ్వల పథకం కింద కనెక్షన్ వచ్చినా, 2024లో రాష్ట్రంలో మొదలైన 500 రూపాయల సిలిండరు అందినా, నీళ్లు కాచడానికి వాడితే ఆ లాభం ఆవిరైపోతుంది. గ్యాస్‌ను వంటకే ఉంచుకోండి.

కరెంటు రాడ్ పెడితే బకెట్టుకు 0.6 యూనిట్ పడుతుంది. ఐదు బకెట్లకు నెలకు 90 యూనిట్లు. గృహజ్యోతి పథకం 200 యూనిట్ల లోపు వాడకానికి పెట్టినది. అది దాటితే బిల్లు కట్టాల్సిందే. ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఈ 90 కలిస్తే ఎంతవుతుందో పాత బిల్లు చూసి ముందే కూడుకోండి. ఇంకో మాట: ప్లగ్ తీశాకే నీళ్లలో చేయి పెట్టాలి. వేడి చూద్దామని స్విచ్ వేసి ఉండగానే వేలు ముంచితే ప్రాణం పోతుంది.

పత్తికట్టె ఉన్నవారు

మన దగ్గర పత్తి వేయని రైతు తక్కువ. ఏరడం అయ్యాక చేలో మిగిలే కట్టె నీళ్ల పొయ్యికి మంచి వంటచెరకు. మూడు రాళ్ల పొయ్యి మీద బకెట్టు నీళ్లకు కిలో దాకా కట్టె పోతుంది. మధ్యలో మంట గొట్టం ఉండి చుట్టూ నీళ్లు నిలిచే బాయిలర్ గానీ, సరిగ్గా కట్టిన పొగరాని పొయ్యి గానీ ఉంటే ఇందులో సగంతో సరిపెట్టవచ్చు. 1980లలో ప్రభుత్వం పొగరాని పొయ్యిలను ఊరూరా పెట్టించింది. పొగగొట్టంలో మసి పేరుకుని, శుభ్రం చేయక చాలా ఇళ్లలో మూలనపడ్డాయి. నెలకోసారి గొట్టం దులపండి. గొట్టం కప్పు దాటి పైకి ఉండాలి. ఆ పొగ పీల్చేది ఇంటి ఆడవాళ్లు, వాళ్ల పక్కన కూర్చునే పిల్లలని మరువకండి.

అయితే ఒక జాగ్రత్త. కట్టెకు అంటుకుని ఉండే ఎండు కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుంటుంది. వాటితోపాటు కట్టెను చేను గట్టున కుప్ప పెడితే వచ్చే వానాకాలం పంటకు మీరే పురుగును పెంచి పెట్టినట్టు. కాయలు దులిపి కాల్చేయండి. కట్టెను విత్తనాలు వేసేలోపు వాడేయండి. మిగిలింది ముక్కలు చేసి భూమిలో కలపండి.

పశువులు ఉన్నవారు

పిడకలు కాలిస్తే మిగిలేది బూడిద. చేనుకు పోవాల్సిన నత్రజని గాలిలో కలుస్తుంది. అదే పేడ గోబర్ గ్యాస్ ప్లాంటులో వేస్తే వంటకు గ్యాస్ వస్తుంది, బయటికొచ్చే స్లర్రీలో ఎరువు బలం నిలుస్తుంది. ఒక్క పేడతో రెండు పనులు.

ఒక ఘనపు మీటరు ప్లాంటుకు రోజూ 25 కిలోల పచ్చి పేడ, అంతే నీళ్లు కావాలి. ముగ్గురు నలుగురికి వంట అవుతుంది. రెండు ఘనపు మీటర్లదానికి 50 కిలోలు. కొట్టంలో కట్టేసి మేపే బర్రె రోజుకు సుమారు 15 కిలోలు, ఆవు లేదా ఎద్దు 10 కిలోల పేడ వేస్తాయి. పగలంతా బయట మేసి వచ్చే పశువైతే సగమే చేతికి దక్కుతుంది.

ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులను అమ్ముకున్న ఇళ్లలో ప్లాంట్లు వట్టిపోయాయి. అందుకే ఈరోజున్న పశువులను కాదు, మూడేళ్ల తర్వాత కూడా ఉంటాయనుకున్న వాటినే లెక్కలో వేయండి. భూమిలో ఇటుకతో కట్టే దీనబంధు రకానికి ఇనుప డ్రమ్ము ఉండదు, తుప్పు బాధ లేదు. ఎండ తగిలే చోట, మంచినీళ్ల బావికి 15 మీటర్ల దూరంలో కట్టించండి. సబ్బు నీళ్లు, ఫినాయిలు అందులో పడనీయవద్దు. చలిలో గ్యాస్ తగ్గుతుంది. పేడను గోరువెచ్చటి నీళ్లతో కలపండి, పైన గడ్డి కప్పండి. ఈ గ్యాస్‌తో స్నానాల నీళ్లు కాచవద్దు. ఐదు బకెట్లకే ఒక ఘనపు మీటరు ఊడుతుంది. సబ్సిడీ ఉందా, ఎంత, ముందు మీరే పెట్టుకోవాలా అన్నది రెడ్కో అధికారులను అడిగాకే గుంత తవ్వండి.

స్లాబు ఇల్లు, పైన ట్యాంకు ఉన్నవారు సోలార్ హీటరు చూడవచ్చు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే గొట్టాల్లో సున్నం పట్టి మూసుకుపోతుంది. అలాంటి చోట రాగి గొట్టాల పలక కన్నా గాజు గొట్టాల రకం నయం.

నిర్ణయం ఇలా

* కట్టేసి మేపే బర్రెలు రెండున్నా: వంటకు ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్, నీళ్లకు పత్తికట్టె, కందికట్టె.
* ఒక్క పశువే ఉంటే: వంటకు సిలిండరు, నీళ్లకు బాయిలర్. పేడ పెంటకుప్పకే.
* పశువూ చేనూ లేని కౌలు ఇల్లు: వంటకు సిలిండరు, నీళ్లకు రాడ్, యూనిట్లు చూసుకుంటూ.

చలికి తలుపులు బిగించుకుని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోకండి. గాలాడని స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టకండి. వాటినుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, లేపదు. పొయ్యి ఏదైనా గాలి ఆడాలి. ఈ చలికాలం కొత్తది కొనేముందు ఒక వారం ఎన్ని బకెట్లు కాచారో, ఎంత పేడ ఎత్తారో కాగితం మీద రాసుకోండి. ఏది కొనాలో ఆ కాగితమే చెబుతుంది.