మంచు పడితే పితికిపప్పు

మా సోమందేపల్లెలో ధనుర్మాసం మంచు పడిందంటే ఇంటింటా అనపకాయల వాసనే! జపాన్‌లో జనవరి 7న ఏడు రకాల లేత ఆకులతో గంజి కాచుకుంటారు. ఏ కాలపు తిండి ఆ కాలంలో తినడమంటే అదే. ఆ రోజుల్లో మాకు పితికిపప్పే పండగ.

రాగి చేలో సాళ్ల మధ్య వేసిన అనప వేళ్లు లోతుకు దిగుతాయి. వాన ముఖం చాటేసినా అడుగు పదునుతోనే కాయలిస్తుంది. కరువు ఏట పిల్లల కంచంలో పప్పు పడేది దానివల్లే.

గింజలు ఒలిచి రాత్రి నానబెట్టండి. పొద్దున్నే వేళ్లతో పితికితే తోలు ఊడి పప్పు జారుతుంది. కొబ్బరి, ధనియాలు, అల్లం, వెల్లుల్లి, చెక్క, లవంగం నూరిపోసి పులుసు కాచి, వేడి సంగటి అద్దుకు తినాలి.

పితికే పని ఆడవాళ్లదేనా? ఇంటిల్లిపాదినీ చాట ముందు కూర్చోబెట్టండి. అన్నీ వండేయక కొన్ని కాయలు చెట్టునే ఎండనిచ్చి విత్తనానికి దాచండి. విత్తు పోతే రుచీ పోతుంది.