కమార్గ్‌లో పల్లె ఇల్లు అద్దెకు తీసుకునే ముందు

దక్షిణ ఫ్రాన్స్‌లో రోన్ నది రెండు పాయలుగా చీలి మధ్యధరా సముద్రంలో కలిసే ప్రాంతం కమార్గ్. వరిచేలు, కాలువలు, చవిటి నేలలు చూస్తే కోనసీమవాళ్లకు పొరుగూరికి వచ్చినట్టే ఉంటుంది. తేడా అల్లా బీళ్లలో మేసే తెల్ల గుర్రాలు. ఈ జాతి పిల్లలు నల్లగానో ముదురు గోధుమ రంగులోనో పుట్టి, ఎదిగేకొద్దీ తెల్లబడతాయి. గార్దియాన్‌లనే కాపరులు వీటి మీద ఎక్కి నల్ల పశువుల మందలను తోలుతారు.

సముద్రం ఒడ్డున ఉన్న సాంత్ మారీ ద లా మేర్ ఇక్కడి ముఖ్యమైన ఊరు. చుట్టుపక్కల పొలాల్లో ఇళ్లు వారాల లెక్కన అద్దెకు దొరుకుతాయి. ఫొటో చూసి మనసు పడటం తేలికే. నా మటుకు నేను మొదట అడగమనేది గాలి గురించి.

మిస్త్రాల్ అనే చలిగాలి వాయవ్యం నుంచి ఒక్కోసారి రోజుల తరబడి విసురుతుంది. గార్దియాన్‌ల పాత పూరిళ్లు గమనిస్తే దాని బలం అర్థమవుతుంది. సున్నం కొట్టిన పొట్టి గోడలు, రెల్లు కప్పు. ఇంటి ఒక కొసను గుండ్రంగా కట్టి, వాయవ్యానికి తిప్పి పెడతారు. గాలి దాన్ని ఒరుసుకుంటూ పోతుంది. వాకిలి ఎదురు కొసన ఉంటుంది. మీరు తీసుకునే ఇంట్లో ఆరుబయట కూర్చునే చోటు ఏ దిక్కున ఉందో, గాలికి అడ్డు ఏముందో అడగండి. చిత్తడి నేల కాబట్టి దోమలు తప్పవు, కిటికీలకు జాలీ ఉందా అన్నదీ అడగాల్సిందే. పొలాల మధ్య ఇంటికి బస్సు మీద ఆశ పెట్టుకోవద్దు, కారు కావాలి.

మే 24, 25 తేదీల్లో రోమా ప్రజలు సారా అనే నల్లటి పుణ్యమూర్తి ఉత్సవానికి ఊరికి తరలివస్తారు. వారి భాష మూలాలు మన దేశంలోనే ఉన్నాయి. చూడదగ్గ జాతర, కాని ఇల్లు చాలా ముందే మాట్లాడుకోవాలి. జులై, ఆగస్టుల్లో సాధారణంగా శనివారం నుంచి శనివారానికే ఇస్తారు.

ఇక ఒప్పందం. ఫ్రాన్స్‌లో అడ్వాన్సు రెండు రకాలు. ‘ఆర్’ అని రాసి ఉంటే, మీరు మానుకున్నప్పుడు ఆ డబ్బు పోతుంది, యజమాని మానుకుంటే రెట్టింపు తిరిగివ్వాలి. ‘అకోంట్’ అని ఉంటే బేరం ఖాయమైనట్టే, మానుకున్నవారు నష్టపరిహారం కూడా కట్టాల్సి రావచ్చు. సంతకానికి ముందు ఇది చూడండి. డిపాజిట్ వేరు. చేరిన రోజే సామాను పరిస్థితి ఇద్దరూ రాసుకుని సంతకాలు చేస్తే, వెళ్లేటప్పుడు పేచీ ఉండదు. దుప్పట్లు, శుభ్రం చేసే ఖర్చు, పెద్దవాళ్లకు రోజువారీ పర్యాటక పన్ను అద్దెలో కలిశాయో లేదో కనుక్కోండి. ఇండియా నుంచి వెళ్లేవారికి ఈ కాగితాలే వీసా దరఖాస్తులో బస రుజువుగా పనికొస్తాయి.

ఒక్క మనవి. కంచె దగ్గరికి వచ్చిన గుర్రానికి రొట్టె ముక్కలు పెట్టకండి. గుర్రం వాంతి చేసుకోలేదు, కడుపులో తేడా చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలకు కూడా ఈ సంగతి ముందే చెప్పండి.