పరీక్షకు భయపడవద్దు
(రేడియో ప్రసంగ పాఠం)



గుండె కోసం డాక్టరు టి.ఎం.టి., అంటే ట్రెడ్‌మిల్ పరీక్ష, రాసి ఇస్తే కొందరు ఆ చీటీని బైబిల్లో పెట్టుకొని ఊరుకుంటున్నారు. ప్రార్థన చాలదా అని కొందరంటారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు చూసినవారికైతే పరీక్ష అంటేనే భయం. కాబట్టి ఈ పరీక్ష ఏమిటో తెలుసుకుందాం.

ఇంట్లో ఒక్క కుళాయి తిప్పితే పైపులో ఎంత తుప్పు పట్టిందో తెలియదు. అన్నీ ఒకేసారి తిప్పితే ధార సన్నబడుతుంది. గుండె కూడా అంతే. కూర్చున్నప్పుడు దానికి కావలసిన రక్తం తక్కువ. రక్తనాళం ఇరుకైనా సరిపోతుంది, ఇ.సి.జి. బాగానే ఉండవచ్చు. కొబ్బరికాయల బస్తా ఎత్తినప్పుడు అవసరం పెరిగి, ఛాతీ బిగుస్తుంది. ఆ శ్రమను డాక్టరు కళ్లెదుట కలిగించేదే ఈ పరీక్ష.

ఛాతీమీద ఇ.సి.జి. వైర్లు అంటించి, కదిలే పట్టీ మీద నడిపిస్తారు. అమెరికా వైద్యుడు రాబర్ట్ బ్రూస్ 1963లో ప్రచురించిన పద్ధతిలో వేగం గంటకు 2.7 కిలోమీటర్లతో మొదలై, ప్రతి 3 నిమిషాలకు వేగమూ ఎత్తూ పెరుగుతాయి. 220లో నుండి వయస్సు తీసివేసి, అందులో 85 శాతం వరకు గుండె వేగం చేరాలని చూస్తారు. 50 ఏళ్లవారికి అది నిమిషానికి సుమారు 145. నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే చెప్పండి, ఆపుతారు. ఓర్చుకొని దాచితే పరీక్ష ప్రయోజనమే పోతుంది. వాడే మాత్రలు ముందే చెప్పండి, మీ అంతట మీరు మానవద్దు.

కిడ్నీ జబ్బున్న ప్రియులారా, మీకు గుండె జబ్బు ముప్పు ఎక్కువ. అయితే ఈ నడక పరీక్షలో కిడ్నీకి భారమైన రంగు మందు ఎక్కించరు. యాంజియోగ్రామ్‌లో ఎక్కిస్తారు గనుక, అప్పుడు మీ కిడ్నీ సంగతి తప్పక చెప్పండి. నడవలేనివారికి మందుతో గుండె వేగం పెంచి చూసే పరీక్షలున్నాయి.

ఈ పరీక్ష ఒక్కొక్కసారి పొరబడుతుంది, స్త్రీలలో లేని లోపం చూపడం ఎక్కువ. కాబట్టి ఫలితాన్ని డాక్టరే వివరించాలి. కూర్చున్నా తగ్గని ఛాతీనొప్పి, చెమటలు వస్తే ట్రెడ్‌మిల్ కోసం ఆగవద్దు, 108కి ఫోను చేయండి.

ఇది అవిశ్వాసమా? 2 రాజులు 20వ అధ్యాయం చూడండి. హిజ్కియాకు 15 సంవత్సరాల ఆయుష్షు వాగ్దానం తెచ్చిన యెషయాయే పుండుమీద అంజూరపు ముద్ద వేయించాడు. వాగ్దానమూ వైద్యమూ ఒకే చేతినుండి వచ్చాయి.

139వ కీర్తనలో దావీదు తన హృదయాన్ని పరిశోధించమని దేవుణ్ణే వేడుకున్నాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మన కొబ్బరి, జీడి తోటలు నేలకూలినప్పుడు, మామూలు రోజుల్లో కనబడని మన విశ్వాసపు బలమూ బలహీనతా బయటపడలేదా? లోపాన్ని చూపేవాడు శత్రువు కాడు. స్వస్థపరచడానికే చూపిస్తాడు.

ఆ చీటీ ఇంకా మీ బైబిల్లో ఉంటే, ప్రార్థించి, ఈ వారమే తీసుకొని వెళ్లండి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.