లూప్ నుంచి ఫ్యాబ్రిక్‌కు: స్టోరేజ్ నెట్‌వర్క్ మార్పు ఎందుకు, ఎలా?

సర్వర్లను డిస్కులతో కలిపే ఫైబర్ ఛానెల్ తొలి రోజుల్లో స్విచ్‌లు బాగా ఖరీదు. అందుకే చాలా సంస్థలు పరికరాలన్నింటినీ ఒకే వలయంగా, అంటే లూప్‌గా కలిపాయి. దీనికి 126 పరికరాల దాకా తగిలించవచ్చు. కానీ ఊరంతటికీ ఒకే చేద ఉన్న బావి లాంటిది ఇది: ఒకరు తోడుతుంటే మిగతావారు ఆగాల్సిందే. సెకనుకు సుమారు 100 మెగాబైట్ల వేగాన్ని అందరూ పంచుకోవాలి.

వేగం కన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఒక సర్వర్ రీస్టార్ట్ అయినా, కొత్త డిస్కు చేర్చినా లూప్ మొత్తం మళ్లీ మొదటి నుంచి చిరునామాలు కేటాయించుకుంటుంది. ఆ కాసేపూ అందరి పనీ నిలిచిపోతుంది. డిస్కుతో సాగే పనిని సర్వర్ మళ్లీ ప్రయత్నించి గట్టెక్కిస్తుంది. టేపు మీద రాత్రంతా సాగుతున్న బ్యాకప్ మాత్రం మధ్యలోనే విఫలం కావచ్చు.

స్విచ్‌లతో అల్లిన ఫ్యాబ్రిక్‌లో ప్రతి పోర్టుకూ పూర్తి వేగం దక్కుతుంది. ఎన్నో పరికరాల జంటలు ఒకేసారి మాట్లాడుకోగలవు. 24 బిట్ల చిరునామాలు కాబట్టి వాటి సంఖ్య కోటిన్నర దాటుతుంది. ఎవరు ఎవరిని చూడాలో జోనింగ్ నిర్ణయిస్తుంది. మార్పు కబురు కూడా సంబంధం ఉన్నవారికే వెళ్తుంది. ఒకచోట లోపం వస్తే అది అక్కడికే పరిమితమవుతుంది. అసలు లాభం ఇదే.

మారేటప్పుడు ముందుగా ప్రతి పరికరం శాశ్వత గుర్తింపు సంఖ్యను రాసిపెట్టుకోవాలి. పాత పరికరాల్లో కొన్నింటికి లూప్ తప్ప మరేదీ తెలియదు, ఫ్యాబ్రిక్‌లో లాగిన్ కాలేవు. వాటిని ముందే ఏరి పక్కన పెట్టాలి. స్విచ్‌లను ఒకదానితో ఒకటి కలపకుండా రెండు వేర్వేరు ఫ్యాబ్రిక్‌లుగా నిలపాలి. సర్వర్‌కు రెండు దారులుంటే మొదట ఒకదాన్ని మార్చి, సర్వర్‌లోని ఫైబర్ ఛానెల్ కార్డు సెట్టింగును లూప్ నుంచి పాయింట్-టు-పాయింట్‌కు తిప్పి, పరీక్షించాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. ఒక్కో జోన్‌లో ఒక్క సర్వర్ పోర్టే ఉంచాలి. పాత హెచ్‌పీ-యూఎక్స్ వంటి వ్యవస్థల్లో డిస్కు దారి పేరు స్విచ్ పోర్టును బట్టి మారుతుంది. ఆ సంగతి మరిస్తే సర్వర్ తన డిస్కును తానే గుర్తుపట్టదు.

16 గిగాబిట్ తరం నుంచి ఫైబర్ ఛానెల్‌లో లూప్‌కు చోటే లేదు. ఇంకా లూప్ మీద నడుస్తున్నవారు అది ఆగిపోయే రోజు దాకా వేచి ఉండకుండా, తీరిక ఉండగానే ఒక్కో దారినీ మార్చుకోవడం మంచిది.